చెవుల మాస్టరు కుట్టిన యూనిఫారాలు

ఆ వీధి దర్జీలందరూ టేపుతో కొలిచి కుట్టేవాళ్లే. ఒక్క మాస్టరు మాత్రం టేపుతో కొలిచి చెవులతో కుట్టేవాడు. కత్తెర పట్టే ముందు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఎవరిదో ఒక పాడ్‌కాస్ట్ పెట్టుకోవాలి. ఎక్కడో ఎవరో మాట్లాడుతుంటే ఇక్కడ గుడ్డకి ప్రాణం వచ్చేది. నదుల గురించి విన్న రోజు కుట్టిన గౌను, నడుస్తుంటే మెలికలు తిరిగేది. తేనెటీగల గురించి విన్న వారం జేబులన్నీ ఆరు పలకలుగా వచ్చాయి. అవి తొడుక్కున్నవాళ్లు కనబడిన చక్కెరనల్లా జేబుల్లో దాచారు. కొలత మాత్రం ఏనాడూ వెంట్రుకవాసి తప్పలేదు. అందుకే జనం విసుక్కుంటూనే వచ్చేవారు, చెవుల మాస్టరు అని పేరు పెట్టి మరీ.

కొట్టు మూతపడేలా ఉన్న రోజుల్లో, ఒక పెద్ద ఆఫీసు గేటు కాపలాదార్లకి నలభై యూనిఫారాల ఆర్డరు వచ్చింది.

"ఇది పోయిందంటే మా తమ్ముడి ఫ్యాక్టరీయే గతి," అంది భార్య గుండీలు కుడుతూ. "అక్కడ చెవుల్లో ఏమీ పెట్టుకోనివ్వరు. రోజంతా చొక్కాల ఎడమ చేతులే కుట్టాలి."

"మరి కుడి చేతులు?"

"వాటికి వేరే గది ఉంది."

మాస్టరు బాగా ఆలోచించి, నిద్ర మీద ఒక డాక్టరుగారి పాడ్‌కాస్ట్ ఎంచుకున్నాడు. కాపలావాడు నిద్రని దూరంగా ఉంచాలంటే, అదెలా ఉంటుందో ముందు గుడ్డకి తెలియాలి కదా అనుకున్నాడు. డాక్టరు గొంతు వెన్నలా ఉంది. కుట్లన్నీ ఊపిరి తీసి వదిలినట్టు పడ్డాయి.

యూనిఫారాలు తొడిగిన రోజు, పదింటికల్లా నలభై మందీ నిలబడే నిద్రపోయారు. పదకొండింటికి ఎవరో గేటు ఊడబీకి పట్టుకుపోయారు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు కొట్టుకి వచ్చాడు. వెనకాలే ఒక ముసలి కాపలాదారు ఆ యూనిఫారాల మూట మోసుకొచ్చాడు.

"మాస్టరూ, గేటు పోయింది."

"చంకల్లో బిగుతయ్యాయేమో అనుకున్నాను సార్."

"అన్నీ అతికినట్టు సరిపోయాయి. లేపుదామని భుజం పట్టుకుంటే నాకే ఆవలింతలు. ఆ తీగలు తీసేసి, నా ఎదురుగా ఒకటి కుట్టండి. అది బాగుంటే మిగతావీ విప్పి కుట్టండి. లేదంటే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

మాస్టరు ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. నిశ్శబ్దం సన్నని దుమ్ములా గుడ్డ మీద పడింది. గంటలో యూనిఫారం తయారైంది. సూపర్‌వైజరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులోకి మనిషి ఎటునుంచి దూరాలి?"

మాస్టరు కూడా వెతికి చూశాడు. "దూరక్కర్లేదనిపించింది సార్."

భార్య తల పట్టుకుంది. "ఇంకొక్కటి చూడండి బాబూ," అని బతిమాలి స్టూలు జరిపింది. సూపర్‌వైజరు కూర్చోబోతూ మూలిగాడు.

"మోకాలా అండీ?"

అంతే అడిగింది. పదకొండేళ్లుగా ఆ మాట ఆయన్ని అడిగినవాళ్లు లేరు. ఎడమ మోకాలని చెప్పాడు. మెట్టు దిగినప్పుడల్లా లోపలెవరో గడియ తీస్తున్నట్టుంటుందన్నాడు. మొదటి డాక్టరు నడవమన్నాడని, రెండోవాడు నడవొద్దన్నాడని చెప్పాడు. మాస్టరు చెవులు వెలుగు సోకిన ఆకుల్లా లేచాయి. కత్తెర దానంతటదే కదిలింది. మూడో డాక్టరు కథ నడుస్తుండగానే యూనిఫారం పూర్తయింది.

కాపలాదారు అది తొడుక్కోగానే కళ్లు విప్పార్చాడు.

"ఎలా ఉందయ్యా?"

"కునుకన్న మాట లేదు సార్. ఎడమ మోకాలు ఒకటే సలుపు."

సూపర్‌వైజరు అనుమానంగా లేచాడు. కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గుమ్మం మెట్టు దిగి ఎక్కాడు. లోపల ఎవరూ గడియ తీయలేదు.

"మిగతా ముప్పై తొమ్మిదీ ఇలాగే కావాలి," అన్నాడు చివరికి.

"అయితే మీరు మళ్లీ మొదటినుంచి చెప్పాలి," అంటూ భార్య ఫోను ఆయన ముందు పెట్టింది. "రికార్డు చేస్తాను. మీదీ ఒక పాడ్‌కాస్టే అనుకోండి."

సూపర్‌వైజరు చొక్కా సర్దుకుని ఫోనుకి దగ్గరగా వంగాడు.

"మోకాలొక్కటేనా?" అనడిగాడు ఆశగా. "నడుం కూడా కలపమంటారా?"

"నడుం వద్దు సార్," అన్నాడు మాస్టరు, మూట విప్పుతూ. "వాళ్లు నిలబడాలి."