పెదనాన్న లెక్కలో ఆగని బస్సు

మా చిన్నప్పుడు... బరంపురం నుంచి ఛత్రపూర్ అరగంట ప్రయాణం. బస్సుకు కాదు, మా పెదనాన్నకు!

ఆయన మా బళ్ళో లెక్కల మేష్టారు. "గంటకు నలభై కిలోమీటర్లు పోయే బస్సు ఇరవై కిలోమీటర్లు ఎంతసేపట్లో పోవును?" అని అడిగితే, నేను గంటా పావు అని రాశాను. సున్నా వేసి నెత్తిన మొట్టికాయ వేశారు.

మా అమ్మమ్మగారిల్లు ఛత్రపూర్‌లోనే... ఆ బస్సు సంగతి నాకు తెలియదా? దారిలో అమ్మవారి గుడి దగ్గర డ్రైవరు దిగి కొబ్బరికాయ కొట్టాలి. బస్సుకు బొట్టు పెట్టాలి. అది కదిలిందో లేదో, చేపల గంపలు టాపెక్కాలి.

మా బడి ఏడో తరగతితో ఆఖరు. స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే హాస్టల్లో ఉండి పైచదువు... లేకపోతే ఇంట్లోనే. పరీక్ష ఛత్రపూర్‌లో. పదింటికి గేటు మూసేస్తారు.

"తొమ్మిదింటి బస్సు సాలు. తొమ్మిదిన్నరకి దిగిపోతాం," అన్నారు పెదనాన్న.

"బస్సు గుడికాడ ఆగుతాది పెద్నాన్నా... ఎనిమిదింటికే ఎల్లిపోదాం," అన్నాను, ఏడుపు గొంతుతో.

"నాకే లెక్కలు సెప్తావేటే? నోరు ముయ్యి!"

ఆ రోజు చైత్ర మంగళవారం, అమ్మవారికి జాతర రోజు. గుడి దగ్గర మా ముందు ఐదు బస్సులు... ఒక్కో డ్రైవరుదీ ఒక్కో కాయ. నేను ఆయన చేతి గడియారాన్నే చూస్తున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

చేరేసరికి పదీ నలభై. "బొందొ హేయిగలా," అన్నాడు కాపలావాడు ఒడియాలో. మూసేశారట. గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాను.

తిరుగు బస్సులో పెదనాన్న అన్నది ఒక్కటే మాట. "నా లెక్క తప్పునేదు. బస్సే ఆగిపోనాది."

నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళైనా ఆ మంట ఆరలేదు. నా చదువు అక్కడే ఆగింది... ఆయన మాత్రం పోయేదాకా తప్పు ఒప్పుకోలేదు.

ఆ పరీక్ష మర్నాడే బళ్ళో బోర్డు మీద మళ్ళీ అదే లెక్క రాశారు. నేను మళ్ళీ గంటా పావే రాశాను. మళ్ళీ సున్నా!

ఇప్పుడు ఫోను తెరిస్తే, దారిలో రద్దీ కూడా కలిపి ఎంతసేపో చెబుతోంది. అందరూ నోరెత్తకుండా నమ్ముతున్నారు. ఆ మాటే పన్నెండేళ్ళ ఆడపిల్ల చెప్తే మొట్టికాయ...

మీకూ ఇలా సున్నా వేసిన సరైన జవాబు ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి... నేను దిద్దను, చదువుతాను.