నజీముద్దీన్ భాయ్ ఇనప్పెట్టె

నజీముద్దీన్ భాయ్‌ని తుపాకి చూపించమని అడిగితే ఇనప్పెట్టె చూపిస్తారు. అందులో వందేళ్ళనాటి రైఫిళ్ళు పదకొండు ఉన్నాయని మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ స్నేహంలో నేను చూసింది మాత్రం వాటిలో ఒకదాని స్క్రూ ఒక్కటే. "చూడు మల్లన్నా, చేత్తో చేసింది. యాడన్న వంకరున్నదా?" అని నా అరచేతిలో పెట్టి, లేదనేలోపే తీసేసుకున్నారు.

ఆయనది వరంగల్. మెల్‌బోర్న్ రైళ్ళ సిగ్నళ్ళలో పనిచేసి రిటైరయ్యారు. నాది తెనాలి. తాళాలు, తలుపులు బిగించడం నా పని. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, నేను పాడుచేసిన తాళాలే నేర్పాయి. ఆ పెట్టెకు తాళం పెట్టి, గరాజ్ కాంక్రీటులోకి నాలుగు బోల్టులతో దింపింది నేనే. బిగించాక భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా పట్టి ఊపి, "మూడోది జర కదిలింది" అన్నారు.

"కదిలింది మీరు భాయ్, బోల్టు కాదు."

విప్పి చూస్తే మూడోది నిజంగానే సగమే పట్టింది. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం. మాటలు చెప్పేవాళ్ళు చాలామంది, ఊపి చూసేవాళ్ళు తక్కువ.

ఇంటికి ఎవరొచ్చినా ముందు లైసెన్సు చూపిస్తారు. తర్వాత పెట్టె రేకు మందం. తర్వాత తూటాలకు వేరే పెట్టె, దానికి వేరే తాళం. "ఇగ లోపల ఏమున్నదంటే..." అని మొదలుపెట్టేసరికి వచ్చినవాళ్ళకు ట్రాఫిక్ గుర్తొస్తుంది.

మా వీధిలో ఉండే లీల వాళ్ళింట్లో బార్బెక్యూ విందప్పుడు ఓసారి గొడవైంది. "ఇళ్ళల్లో గన్స్ ఎందుకంకుల్? టోటల్‌గా బ్యాన్ చేసెయ్యాలి. మా పాపని మీ ఇంటికి పంపాలంటేనే భయం" అంది లీల.

"భయముండాలె బేటా. నాకు నీకన్నా ఎక్కువున్నది. అందుకే కదా నాలుగు బోల్టులు."

"అదేంటంకుల్, మీరే అలా అంటే ఎలా? సేఫ్టీ కోసం అందరి దగ్గరా ఒకటి ఉండాలి" అని పొయ్యి మీద సాసేజ్ తిప్పుతూ పక్కింటి ఆదిత్య అందుకున్నాడు.

"నీ దగ్గరనా? పొద్దున నీ కారు తాళంచెవి యాడ దొరికింది?"

"ఫ్రిజ్‌లో" అంది ఆదిత్య భార్య సింధుజ.

ఆయనతో ఏకీభవించలేక లీలకు, ఆయన తరఫున వాదించలేక ఆదిత్యకు ఆ పూట తిండి సయించలేదు.

లైసెన్సు లేనివాళ్ళ చేతికి ఆ పెట్టె తాళంచెవి అందకూడదు. అందుకని అది ఎక్కడుందో ఆయన భార్య ఫరీదా వదినకు కూడా తెలీదు. "ముప్పై నాలుగేండ్ల కాపురం. బ్యాంకు పిన్ను చెప్పిండు గానీ చెవి జాగ చెప్పడు" అంటుంది ఆవిడ.

"నువ్వూ లైసెన్స్ తీస్కో, చెప్త."

"నేను తీస్కుంటే నీకే ప్రమాదం."

మొన్న జూలైలో, ఇక్కడి చలికాలంలో, కెన్ నాకు ఫోన్ చేశాడు. ఈ ఇళ్ళు లేవకముందు ఇక్కడ క్యాబేజీ పండించిన ముసలాయన. మార్చిలో భార్య పోయింది. ఆ తర్వాత తన రైఫిల్‌ను, కాగితాలన్నీ సరిగ్గా రాసి, భాయ్ పెట్టెలో ఉంచమని ఇచ్చాడు. ఇప్పుడు తిరిగి కావాలట.

"నాలుగు శనివారాలుగా వెళ్తున్నా మేట్. నీ లాక్ జామైందంటున్నాడు. ఎప్పుడు బాగుచేస్తావ్?"

నా లాక్! నాకు ఒళ్ళు మండింది. నేను పెట్టిన తాళం ఇంతవరకు ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆ శనివారం మధ్యాహ్నం సామాన్ల సంచీ తగిలించుకుని వెళ్ళాను. కెన్ భోజనాల బల్ల దగ్గరున్నాడు. వదిన అతని ప్లేట్లో మూడోసారి బిర్యానీ వడ్డిస్తోంది. భాయ్ నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్ళి తలుపేశారు.

"జామైందన్నారట. తియ్యండి, చూద్దాం."

ఆయన నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టి, ఎక్కడినుంచో చెవి తీశారు. ఒక్క తిప్పు. తలుపు బెత్తెడు తెరిచి, నేను తొంగిచూసేలోపే మూసేశారు.

"మరి నా పేరెందుకు చెడగొట్టారు?"

"రైఫిల్ ఏంటికి కెన్ అనడిగిన. కుందేళ్ళ కోసమట. ఈ ఇండ్ల నడుమ కుందేళ్ళు యాడున్నయ్ మల్లన్నా?" భాయ్ గొంతు తగ్గించారు. "బీవీ పోయినకాంచి మనిషి సగమయిండు. ఆయన బిడ్డకు చెప్పిన, డాక్టర్‌కు చూపిస్తున్నది. మంచిగయ్యేదాంక లాక్ జామే. జామైతే అన్నం తిని పోతడు, మళ్ళ శనివారం వస్తడు."

నేను సామాన్ల సంచీ మళ్ళీ భుజానేసుకుని ఇవతలికి వచ్చాను.

"అయిందా మేట్?" అన్నాడు కెన్.

జీవితంలో మొదటిసారి నా పనికి నేనే వంక పెట్టుకున్నాను. "లేదు కెన్. లోపల స్ప్రింగ్ విరిగింది. తప్పు నాదే. కొత్తది జర్మనీ నుంచి రావాలి."

"ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు." వెనక నుంచి భాయ్ దగ్గారు. "మూడు" అని సరిదిద్దుకున్నాను.

కెన్ నా మొహం చూశాడు, భాయ్ మొహం చూశాడు. నలభై ఏళ్ళు తన ట్రాక్టర్లు తానే విప్పి బిగించుకున్న మనిషి.

"తొందరేం లేదని చెప్పు జర్మనీవాళ్ళకి" అని మళ్ళీ చెంచా అందుకున్నాడు. తర్వాత వదినతో, "వచ్చే వారం గుడ్డు నురగతో చేసే పావ్‌లోవా కేకు నేను చేసుకొస్తా. ఎలా చెయ్యాలో మా ఆవిడ రాసిపెట్టిన కాగితం ఉంది. ఎప్పుడూ చెయ్యలేదు, కూలిపోవచ్చు" అన్నాడు.

అన్నట్టే కూలిపోయింది. గిన్నెల్లో వేసుకుని తిన్నాం. కెన్ రెండుసార్లు పెట్టించుకున్నాడు.