లూకా తినేదాకా

గూడ్సు గార్డు జకర్యా అన్నం తినేవాడు కాదు, మింగేవాడు. భార్య ప్రేమమణి కంచం పెట్టి, నీళ్ల గ్లాసు కోసం వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి కంచం ఖాళీ. "మల్ల పెట్టాల్నా?" అని ఆవిడ అడగాల్సిన పని కూడా లేదు, గరిటె చేతిలో పట్టుకునే వచ్చేది. వాళ్లుండే కార్ఖానా పేట చర్చిలో ప్రేమవిందు జరిగితే ఆయన పక్కన కూర్చోవడానికి జనం జంకేవాళ్లు. పక్కవాడు ప్రార్థన ముగించి కళ్లు తెరిచేలోపు ఆయన సగం బిర్యానీ అవగొట్టేస్తాడని చెప్పుకునేవారు. అబద్ధమే గానీ, మరీ అంత అబద్ధం కాదు.

యాభై నాలుగేళ్లకి తొంభై ఆరు కిలోలు. తగ్గడానికి ఆయన చెయ్యని పని లేదు. పొద్దున్నే నిమ్మకాయ నీళ్లలో తేనె కలుపుకు తాగాడు. నెల రోజులు క్యాబేజీ ఉడకబెట్టుకు తిన్నాడు, ఇల్లంతా ఆ వాసన. ఓ ఏడు ఈస్టరుకి ముందొచ్చే లెంటు నలభై రోజులూ పగలంతా ఉపవాసం ఉండి ఐదు కిలోలు తగ్గితే, పాస్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. ఈస్టరు దాటిన మూడు వారాలకి ఏడు కిలోలు తిరిగొచ్చాయి. పాస్టరుగారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పంతొమ్మిది వందల తొంభై నాలుగులో రైల్వే మెడికల్ పరీక్షకి వెళ్తే డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టింది గానీ, కాగితం వదల్లేదు.

"ఈసారికి ఫిట్ అని రాస్తున్నాను. బరువూ బీపీ ఇలాగే ఉంటే వచ్చే ఏడు మిమ్మల్ని బండి దింపక తప్పదు. ఆఫీసులో కుర్చీ ఇస్తారు."

ఇరవై తొమ్మిదేళ్లు రైలు చివర నిలబడి జెండా ఊపిన మనిషి. కుర్చీ మాట వినగానే జకర్యాకి ఏడుపు వచ్చినంత పనైంది. "ఏం మానమంటారమ్మా?" అన్నాడు.

"ఏమీ మానొద్దు. అన్నం ఎంతసేపు తింటారు?"

ఆయనకి తెలీదు. పక్కన కూర్చున్న ప్రేమమణికి తెలుసు. బొల్లారంలో పుట్టి, పాతికేళ్లుగా బడిలో లెక్కలు చెప్తున్న మనిషి. "నాలుగు నిమిషాలు మేడమ్. నేను గడియారం పెట్టి చూసిన" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "కడుపు నిండిందని తలకి తెలియడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాల్లో ముగించేస్తే మీకు ఎప్పుడు తెలుస్తుంది? చిన్న కంచం పెట్టుకోండి. వేళకి తినండి. అరగంట తినండి. చాలనిపించిన చోట చెయ్యి ఆపండి, మిగిలితే మిగలనివ్వండి. నెలకో కిలో తగ్గినా చాలు. ఓ నెల చేసి వదిలేసేది కాకుండా, బతికినంతకాలం చెయ్యగలిగేది చెయ్యండి."

తేనె నీళ్ల కన్నా, క్యాబేజీ కన్నా ఇదే తేలిక అనుకుంటూ ప్రేమమణి ఆటో ఎక్కింది. జకర్యా వెనకాలే ఎక్కాడు. అన్నం మిగల్చమన్న మాట మాత్రం ఆయనకి మింగుడు పడలేదు.

ఎందుకో ప్రేమమణికి కూడా తెలీదు. చిన్నప్పుడు జకర్యాని, తమ్ముడు లూకాని కృష్ణా నది అవతల ఓ మిషన్ బోర్డింగులో వేశారు. అతనికి పదకొండేళ్లు, లూకాకి ఎనిమిది. అక్కడ అన్నానికి రెండుసార్లు గంట కొట్టేవారు. మొదటి గంటకి కూర్చోవాలి, ప్రార్థన చెయ్యాలి, తినాలి. రెండో గంటకి లేవాలి. అప్పటికి కంచంలో ఏముంటే అది బోర్డింగు గేదెల కుడితిలోకి పోవాల్సిందే. మధ్యలో పట్టుమని పది నిమిషాలుండేవి కావు. జకర్యా తన జొన్నన్నం గుటుక్కున మింగేసి తమ్ముడి కంచం వైపు చూసేవాడు. లూకా నత్తనడక. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ బుగ్గన కాసేపు, ఈ బుగ్గన కాసేపు నములుతూ కిటికీలోంచి బయటికి చూస్తుండేవాడు. ఎటూ గేదెలకేగా అనుకుని, గంట కొట్టబోయే ముందు జకర్యా ఆ కంచం లాక్కుని ఊడ్చేసేవాడు. లూకా ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండో ఏడు వానాకాలంలో బోర్డింగులో విషజ్వరం వచ్చింది. నలుగురు పడ్డారు, ముగ్గురు లేచారు, లూకా లేవలేదు. "పిల్లాడి ఒంట్లో ఏమీ లేదు, ఇంక తట్టుకోవడానికి" అన్నాడు వార్డెను. ఆ మాట విన్నది జకర్యా ఒక్కడే. నలభై రెండేళ్లుగా అతను దాన్ని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు గూడ్సు బొల్లారం దాటాక ఓ స్టేషన్లో లూపు లైనులో ఆగింది. ఎదురుబండి రావాలి, గంటన్నర పడుతుందన్నారు. బండి చివరి గార్డు వ్యానులో జకర్యా ఒక్కడే. క్యారియరు విప్పాడు. ఒక ముద్ద పెట్టుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి మోకాలి మీద ఆనించాడు. చెవుల్లో గంట మోగడం మొదలైంది. తిను, తిను, తీసుకుపోతారు అని ఒళ్లంతా తొందరపెట్టింది.

తలెత్తి చూస్తే ఎదురు చెక్క బల్ల మీద లూకా కూర్చుని ఉన్నాడు. ఒడిలో సత్తు కంచం. బుగ్గ ఉబ్బి ఉంది. నములుతున్నాడు.

జకర్యాకి ఒళ్లు జలదరించింది. కానీ లేవలేదు. తమ్ముడు ఆ ముద్ద మింగేదాకా ఆగి, అప్పుడు తను ఇంకో ముద్ద తీసుకున్నాడు. మళ్లీ ఆగాడు. అలా తింటే ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. కడుపు నిండిపోయింది, గిన్నెలో అన్నం ఇంకా ఉంది. దాన్ని ఎదురు బల్ల మీద పెట్టి వ్యాను తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. తర్వాత స్టేషన్ కుక్కలకి వేశాడు.

ఆ రోజు నుంచి లూకా రాని భోజనం లేదు. ఇంట్లో బల్ల దగ్గర కూడా వచ్చేవాడు. జకర్యా ముద్ద చేత్తో పట్టుకుని ఖాళీ కుర్చీ కేసి చూస్తూ ఆగితే ప్రేమమణి నవ్వేది. "గా కుర్చీల ఎవరున్నరు, గంత మర్యాద చేస్తున్నరు?" అనేది. కంచం చిన్నదైంది, గరిటె వంటింట్లోనే ఉండిపోయింది. ఆకలి వేళకే వేస్తోంది, మధ్యలో పకోడీల మీదికి మనసు పోవడం లేదు. ఏడాది తిరిగేసరికి బరువు ఎనభైకి దిగింది. వ్యాను మెట్లు ఒంటిచేత్తో ఎక్కుతున్నాడు. మెడికల్ పాసయ్యాడు.

"బాగుంది. ఇంక ఇక్కడ నిలబెట్టుకోండి. ఇంతకన్నా తగ్గక్కర్లేదు" అంది డాక్టరమ్మ.

ఆయన నిలబెట్టుకోలేకపోయాడు. ఎందుకంటే మిగల్చడంలో ఆయనకి ఓ రుచి దొరికింది. మొదట్లో చాలనిపించిన చోట ఆపేవాడు. తర్వాత చాలకపోయినా ఆపేవాడు. సగం లూకాకి. ఇంకొన్నాళ్లకి ముప్పావు లూకాకి. బయటికి చూస్తే అది డాక్టరమ్మ చెప్పిన పద్ధతే, లోపల మాత్రం శిక్ష. ఎంత మిగిల్చినా లూకా ముఖం మారేది కాదు. ఇంకా ఇవ్వాలి కాబోలు అనుకునేవాడు. డెబ్బై దాటి అరవై రెండుకి వచ్చాడు. బెల్టుకి రెండు కొత్త కన్నాలు పడ్డాయి. ఓ మధ్యాహ్నం కదులుతున్న బండి ఎక్కబోతే కళ్లకి చీకట్లు కమ్మి, తలుపు పక్క ఇనప కడ్డీ పట్టుకుని వేలాడాడు. దేవుడి దయవల్ల చెయ్యి జారలేదు.

ఆ సంగతి తెలిసి ప్రేమమణి నవ్వడం మానేసింది. "జెర అద్దంల చూస్కోండి. నాకు భయమైతున్నది. తినుండ్రి" అని చేతులు పట్టుకుంది. ఆయన తల ఊపాడు, తినలేదు. ఆవిడ గుంటూరుకి ఉత్తరం రాసింది. అక్కడ జకర్యా అక్క మేబెల్, నర్సుగా రిటైరై ఒంటరిగా ఉంటోంది.

మేబెల్ వచ్చిన మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. జకర్యా నాలుగు ముద్దలు తిని, కంచం ముందుకి నెట్టాడు, ఖాళీ కుర్చీ వైపుకి.

మేబెల్ ఆ నెట్టడం చూసింది. "ఎవరికిరా అది?"

"ఎవరికీ కాదక్కా."

"పేషెంట్లు చెప్పే అబద్ధాలు ముప్పై ఏళ్లు విన్నాను. ఎవరికి?"

జకర్యా కుర్చీ వైపు చూశాడు. "లూకాకి" అన్నాడు. ఆ తర్వాత ఆపడం ఆయన వల్ల కాలేదు. గంటలు, గేదెలు, లాక్కున్న కంచం, వార్డెను మాట, అన్నీ చెప్పేశాడు. "వాడి తిండి నేను తినేశానక్కా. నేనే చంపాను" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ప్రేమమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేబెల్ తన కంచం పక్కకి జరిపింది.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"ఆదివారాలు మా ఆడపిల్లల బోర్డింగు నుంచి మిమ్మల్ని చూడటానికి పంపేవారుగా. వాడి చేతులు పుల్లల్లా ఉన్నాయని నేనే అడిగాను, అన్నం తినట్లేదా అని. 'అన్నకి పెట్టింది చాలదక్కా. ఇస్తే తీసుకోడు, తిడతాడు. అందుకే గంట కొట్టేదాకా నముల్తా కూర్చుంటా. అప్పుడు వాడే తీసుకుంటాడు' అన్నాడు. పెద్ద తెలివైన పని చేసినట్టు నవ్వాడు కూడా. నీకు చెప్పనని ఒట్టేయించుకున్నాడు. వార్డెనుకి చెప్తే నిన్ను కొడతారని నేనూ నోరు మూసుకున్నా. రెండు నెలలకి జ్వరం వచ్చింది."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "జ్వరాల వార్డులో పిల్లాడు పోయినప్పుడల్లా అనుకున్నాను, నేను చెప్పి ఉంటే వాడు బతికేవాడా అని. నాకు తెలీదురా. ఇవాళ్టికీ తెలీదు."

జకర్యా కుర్చీ వైపు తిరిగాడు. లూకా ఎప్పటిలాగే ఉన్నాడు, బుగ్గన ముద్ద పెట్టుకుని. ఇన్నాళ్లూ తమ్ముడికి ఇంకా కావాలనుకున్నాడు. వాడి కళ్లలోకి సరిగ్గా చూసింది ఇప్పుడే. ఆ కళ్లు కంచంలో ఏం మిగిలిందో చూడటం లేదు. అన్న తింటున్నాడా లేదా అని చూస్తున్నాయి.

జకర్యా కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఏడుస్తూనే ముద్ద కలిపాడు. ప్రేమమణి కాస్త పప్పు వేస్తే వద్దనలేదు.

ఆయన బరువు ఆ తర్వాత డెబ్బై నాలుగు దగ్గర నిలిచింది, రిటైరయ్యేదాకా బండి దిగలేదు. అరగంట భోజనం మానలేదు, లూకా రావడమూ మానలేదు. అన్న కడుపు నిండా తిని చెయ్యి కడుక్కునేదాకా కూర్చుని, అప్పుడు వెళ్లేవాడు.