టీసీ పుచ్చుకున్న గుంట

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో టీసీ అన్న మాటకు ఒకటే అర్థం. గుంటో గుంటడో, అంటే పిల్లో పిల్లాడో, చెయ్యరాని పని చేస్తే, చదువు చెప్పేవాళ్ళు చేతిలో పెట్టి గేటు బయటికి నెట్టే కాగితం అది. 'టీసీ ఇచ్చేసేరంట' అన్నారంటే ఇక ఆ మనిషి గురించి మంచి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట. దాన్ని మనంతట మనమే వెళ్ళి అడిగి పుచ్చుకోవచ్చని, పైగా అందుకు సంబరపడవచ్చని మా ఊరికి తెలియదు. తెలియజెప్పే భాగ్యం నాకు దక్కింది. సెల్‌ఫోను కొన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపించేలా పెట్టుకు తిరిగే ఆ కాలంలో, నేను విశాఖపట్నం యూనివర్సిటీలో మొదటి ఏడాది ముగించి, టీసీ పుచ్చుకుని ఇంటికొచ్చాను. సాయంత్రానికల్లా మా వీధిలో నా ప్రేమకథ ఒకటి తయారైపోయింది. (అందులో అబ్బాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే కనీసం ఒకసారి చూసి ఉండేదాన్ని.)

నిజానికి యూనివర్సిటీ మీద నాకు ఏ కోపమూ లేదు. లెక్చరర్లు వస్తే వచ్చేవారు, రాకపోతే లేదు. రాని రోజు పల్లీలు తినేవాళ్ళం, వచ్చిన రోజు వాళ్ళు వెళ్ళాక తినేవాళ్ళం. నా చదువు చెడింది అక్కడ కాదు, దారిలో. నేను రోజూ ఎక్కే పాసింజరులోనే, విశాఖలో సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీకి వెళ్ళేవాళ్ళు నలుగురు ఎక్కేవారు. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నీసులు, మధ్యలో ఇస్త్రీ మడత చెదరకూడదు. సీటు మీద రుమాలు పరిస్తే గానీ కూర్చునేవారు కాదు. ఇక మాట ఉందే, అది నోట్లోంచి వచ్చేది కాదు, ముక్కులోంచి వచ్చేది. 'యా' అని ఒకతె అంటే 'యా, యా' అని ఇంకొకతె. అంత ముక్కుకి జలుబు చేస్తే వీళ్ళ గతేమిటా అని నేను ఆలోచించేదాన్ని. వాళ్ళను మనసారా అసహ్యించుకున్నాను. అంతగా అసహ్యించుకుని, ఎలాగైనా వాళ్ళలా అయిపోవాలని నిశ్చయించుకున్నాను. పద్దెనిమిదేళ్ళ బుర్ర అంతకంటే బాగా పనిచెయ్యదు.

ఆ కాలేజీలో సీటు సంపాదించడం కంటే పరలోకంలో సంపాదించడం సులువని చెప్పుకునేవారు. అలాంటిచోట ఒక పిల్ల పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో రెండో ఏడాదిలో ఒకే ఒక్క సీటు ఖాళీ అయింది. ముందు టీసీ తెచ్చి చూపిస్తేనే ఇంటర్వ్యూ అన్నారు, వాళ్ళ దర్జా అలాంటిది. అందుకే ఇటు యూనివర్సిటీ పోయి, అటు సీటు రాక, నేను రెంటికీ చెడ్డ రేవడినై కూర్చున్నాను. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే మా నాన్న ఒకటే మాట అన్నాడు. "సీటొత్తే సదువు. రాపోతే మీ మావయ్య బూత్‌లో కూకుని ఫోన్లు కలుపు." మా చిన మావయ్యకు స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్ ఉండేది. అందులో కూర్చున్నానంటే, వీధిలో అల్లిన కథకు ముగింపు నేనే రాసి ఇచ్చినట్టు.

ఇంటర్వ్యూకు పెద్దవాళ్ళతో రమ్మన్నారు. మా బంధువుల్లో ఇంగ్లీషు వచ్చినవాడిగా పేరుపడ్డది ఆ మావయ్యే. (జనం దుబాయికి చేసే ఫోన్లు వినీ వినీ నేర్చుకున్న ఇంగ్లీషు అది. అందులో 'హలో', 'డబ్బులు పంపు' తప్ప ఇంకేం ఉండి ఉంటాయో నాకప్పుడు తట్టలేదు.) యూనివర్సిటీ ఎందుకు వదిలావని అడిగితే చెప్పమని 'ఫర్ మై ఆల్‌రౌండ్ డెవలప్‌మెంట్ అండ్ మోరల్ వేల్యూస్' అన్న ముక్క నా చేత బట్టీ వేయించాడు. బయల్దేరే వేళకు మా మామ్మ, అంటే నాన్నకు అమ్మ, సంకలో బైబిలు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "గుంటది ఒక్కర్తీ ఎలా ఎల్తాది? నానూ వత్తాను" అంది. మావయ్య మనిషి కింద లెక్కకు రాడని అంతకుముందే తేల్చేసింది కాబోలు.

ప్రిన్సిపాల్ సిస్టరుది కేరళ. తెల్లచీర, మెడలో సిలువ, బల్ల మీద దుమ్ము కణం లేదు. ఆవిడ ఇంగ్లీషులో మావయ్యను ఏదో అడిగింది. మావయ్య ఫ్యాను వైపు చూశాడు. ఇంకోసారి అడిగింది. "యస్ మేడం" అని చెమట తుడుచుకున్నాడు. ఆ వరస మా మామ్మకు మర్యాదగా తోచలేదు. మాది ప్రొటెస్టెంటు సంఘం. మాలో పాస్టరును అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. కాబట్టి సిలువ వేసుకుని పెద్ద కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని మామ్మ ఏమని పలకరించాలో అదే పలకరించింది.

"అమ్మగారూ, అయ్యగారు కులాసాగా ఉన్నారేటండి?"

సిస్టరుకు వచ్చిన తెలుగు కొంచెం. ఏ అయ్యగారి గురించి అడుగుతోందో ఒక్క క్షణం ఆలోచించి, పెళ్ళి లేని సిస్టర్లకు అయ్యగారంటే దేవుడే కాబట్టి, ఉన్న సంగతి నిజాయితీగా చెప్పింది. నవ్వి, చేయి పైకి చూపించి, "మా అయ్యగారు పైన ఉన్నారు" అంది.

"మేడ మీదేటండి?"

"కాదమ్మా. ఇంకా పైన."

మామ్మ తెల్లచీర వంక చూసింది, గాజుల్లేని చేతుల వంక చూసింది. "ఓలమ్మో! ఇంత సిన్న వయసులో ఎంత కట్టమొచ్చింది తల్లీ!" అని లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆవిడ తల మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టింది. మా సంఘంలో ప్రార్థన మెల్లగా చేస్తే దేవుడికి వినపడదని నమ్మకం. విధవరాండ్రకు దిక్కైన ప్రభువును మామ్మ పిలిచిన పిలుపుకు గుమాస్తా వచ్చాడు, బయట వరసలో ఉన్న పిల్లలు వచ్చారు, వాళ్ళలో పాసింజరులో ఎక్కే ముక్కు పిల్ల చెల్లెలు కూడా ఉంది. నేను నేల చీలితే బాగుండునని చూశాను. సిమెంటు గచ్చు, చీలలేదు. చివరికి సిస్టరు కళ్ళు మూసుకునే "ఆమెన్" అంది.

కళ్ళు తెరిచి మావయ్యను వదిలేసి మామ్మనే అడిగింది, మనవరాలు యూనివర్సిటీ ఎందుకు మానేసిందని. నేను 'ఫర్ మై' అనేలోపల మామ్మ అందుకుంది. "టీసీ ఇచ్చేసేరని ఊరంతా కూత్తన్నారు గానండి, ఆళ్ళు ఇవ్వలేదు, ఇదే పుచ్చుకుంది. రైల్లో మీ గుంటలు ముక్కుతో మాటాడతారంట. నానూ అలాగే మాటాడతానని ఏడిసీసింది. మీరే నేర్పాలి అమ్మగారూ."

"నిజమా?" అని సిస్టరు నన్ను అడిగింది. అన్ని రోజులు బట్టీ వేసింది ఎగిరిపోగా నాకు దొరికింది ఒక్క ముక్కే. "యస్ సిస్టర్."

సీటు ఇచ్చారు. నా మార్కులు చూసి ఇచ్చారని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను.

ఆ కాలేజీ నాకిచ్చిన ఆల్‌రౌండ్ డెవలప్‌మెంట్ ఏమిటంటే, పేపరు నాప్కిన్ను నెమలిలా మడవడం, చున్నీకి పిన్నీసు గుచ్చుకోకుండా గుచ్చడం. పాఠాలు ఏ మాటకామాటే బాగా చెప్పారు, కానీ 'ఏటి' అన్న ముక్క నా నోట్లోంచి జారిందంటే తోటి పిల్లలు వారం దాకా నన్ను అదే పేరుతో పిలిచేవారు. ముక్కు మాట మాత్రం పట్టుబడలేదు. నా ముక్కు అనకాపల్లి ముక్కు. మామ్మ కొత్త బెల్లం వచ్చినప్పుడల్లా ఒక ముద్ద గుడ్డలో కట్టుకుని సిస్టరు దగ్గరికి వచ్చేది. ఆవిడకు అసలు పెళ్ళే కాలేదని నేను చెప్పబోతే, "ఊరుకోయే, ఆవిడ బాద నీకేటి తెల్సు" అని కసిరేది. సిస్టరుతో చెప్పి క్షమాపణ అడగబోతే ఆవిడా అదే వరస. "ఆమెకు చెప్పకు. నా కోసం అంత బాగా ఎవరూ ప్రార్థన చెయ్యలేదు" అంది.

ఆ తరవాత చాలా ఏళ్ళకు మామ్మ పోయింది. సమాధుల దొడ్డి దగ్గర ఆటోలోంచి ఒక తెల్లచీర దిగింది. జుట్టు కూడా తెల్లబడిపోయింది. కబురు ఎవరు చెప్పారో తెలియదు. మా సంఘంలో కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఎదురువెళ్ళి, "తమరెవరండీ?" అని అడిగారు.

"నేను అమ్మగారిని అండీ" అంది సిస్టరు, ఏమాత్రం మారని ఆ కేరళ తెలుగులో. "అయ్యగారు పోయిన అమ్మగారిని."

పాస్టరు గారికి అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు. నేను అప్పటికి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు. ముక్కు పూర్తిగా దిబ్బడేసుకుపోయింది. "మా మామ్మ స్నేహితురాలండీ" అన్నాను. ఆ మాట మొత్తం ముక్కులోంచి వచ్చింది. పాసింజరు కిటికీ దగ్గర కూర్చుని ఆ నలుగురినీ మింగేసేలా చూసే ఆ టీసీ గుంట వినుంటే, ఎంత సంబరపడి ఉండేదో పాపం.