కొండమ్మ హాజరు

నల్లపాడు దగ్గర చిన్న పత్తి జిన్నింగు మిల్లు నడుపుకునే పానకాలుకి మనసు వెన్న, గుండె పిరికి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎంత ప్రమాదమో ఎనభై నాలుగులో తెలిసొచ్చింది.

ఆ ఏడు బెల్టు కింద చిక్కుకున్న పత్తిని లాగబోయి మిల్లులో కూలికొచ్చే కొండమ్మ కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకుంది. బెల్టుకు కాపుగా ఉండాల్సిన రేకును, పనికి అడ్డమని పానకాలే తీయించాడు. ప్రమాదం జరిగిందని సర్కారుకు రాసి పంపితే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి మిల్లు మూయిస్తాడని హడలిపోయాడు. అందుకని రాయలేదు. ఆస్పత్రి ఖర్చంతా తానే పెట్టుకున్నాడు. కొండమ్మ మంచంలో ఉన్నా మస్టర్లో రోజూ హాజరు వేయించి, కూలి ఇంటికి పంపాడు. "ఆ ఇంటి నెత్తిన పాలు పోశాడండీ మారాజు!" అని పేటంతా చెప్పుకుంది. అయ్యో, ఆయనా అదే నమ్మాడు!

సీజను అయిపోయి మిల్లు ఆగింది, కూలి డబ్బులూ ఆగిపోయాయి. పరిహారం వస్తుందని ఎవరో చెబితే, కొండమ్మ మొగుడు జక్రయ్య గుంటూరు లేబరాఫీసులో అర్జీ పెట్టాడు. ఆఫీసరు మస్టరు తెప్పించుకుని ముగ్గురినీ పిలిపించాడు.

"వేళ్లు పోయాయంటున్న మర్నాడు కూడా పనికొచ్చావని ఉందేంటమ్మా ఇందులో? అసలు దెబ్బ మిల్లులోనే తగిలిందా?"

కొండమ్మ పానకాలు వైపు చూసింది. పానకాలు నేల చూశాడు. నిజం చెబితే తన మీద కేసు, చెప్పకపోతే ఆమెకు పైసా రాదు.

"లేదండి," అంది కొండమ్మ. జక్రయ్య "ఏందే!" అని కసిరినా ఆగలేదు. "ఇంటికాడ చొప్ప నరుకుతా నరుక్కున్నానండి. మా అయ్యగారికీ దీనికీ ఏం సంబంధం లేదు. మందులిప్పించి కూడు పెట్టిన మనిషండి. ఆయన ఉప్పు తిని ఆయన్నే కోర్టుకెక్కిస్తానా?"

ఆఫీసరు కలం మూత తీశాడు. ఆ మాట కాగితం మీద పడితే కొండమ్మ పని అయిపోయినట్టే. పానకాలు సిగ్గుతో చితికిపోయాడు. ఇన్నాళ్లూ తాను పెట్టిన కూడే ఆమె నోరు కట్టేసిందని అప్పుడు తెలిసింది.

"నోర్ముయ్ కొండమ్మా!" అని అరిచాడు. ఆఫీసంతా తిరిగి చూసింది. "నన్ను మంచోణ్ణి చెయ్యడానికి నువ్వు మునిగిపోతావా? సార్, ఆమె మాట రాయొద్దు. దెబ్బ నా మిల్లులోనే తగిలింది. రేకు తీయించింది నేనే. దొంగ హాజరు వేయించిందీ నేనే."

"మీ మీద కేసవుతుందండి, తెలుసుగా?"

"తెలుసండి. మీరు రాసుకోండి."

కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పానకాలు ఆమె వైపు చూడలేక, జరిగిందంతా మొదటినుంచి మళ్లీ నెమ్మదిగా చెప్పాడు.