ఒక్కటి కొడితే ఆగు

నాకు కోపం ఎక్కువ. మా బడి పిల్లల దగ్గర్నుంచి మా ఆయన దాకా ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. అడగకపోయినా చెబుతారు. అయితే ఆ దసరా తర్వాత రెండు వారాలపాటు నాకు వచ్చిన కోపం నాకే కొత్త. అది మనిషి మీద కూడా కాదు, అరచేతిలో పట్టే ఒక నల్లటి డబ్బా మీద. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఇంకోచోట భద్రంగా దాచుకోవడానికి కొనుక్కునే హార్డ్ డిస్క్ అది. దాచడం తప్ప వేరే పని లేని వస్తువు. ఆ ఒక్క పనీ చేయనని మొండికేసింది.

దాచాల్సింది మా బాపు గొంతు.

బాపు అంటే మా నాన్న. ముప్ఫై ఏళ్లు బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేశాడు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కరీంనగర్ వైపు నుంచి పని కోసం కొత్తగూడెం వచ్చి అక్కడే ఉండిపోయాడు. రిటైరయ్యాక, అమ్మ పోయాక, దమ్మపేట దగ్గర మా ఇంటికి వచ్చేశాడు. నేను ఇక్కడ టీచర్ని. మా ఆయనకు పామాయిల్ తోట ఉంది. వాళ్ల తాతలు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. అందుకని మా ఇంట్లో ఒకరు ఏంటంటే ఒకరు ఏందంటారు, గొడవ మాత్రం ఇద్దరికీ అర్థమయ్యే తెలుగులోనే జరుగుతుంది.

ఆ ఎండాకాలం బాపు గొంతు బొంగురుపోయింది. బీడీల వల్ల అనుకున్నాం. హైదరాబాద్ దవాఖానాలో గడ్డ అని తేల్చారు. గొంతులో మాట పుట్టే పెట్టెనే తీసేయాలి, ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక ఉండదు అన్నారు. డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. నాకు ఆ మర్యాద మీద కూడా కోపం వచ్చింది.

ఆపరేషన్‌కు నెల రోజులు వ్యవధి ఉంది. నేను నా పాత లాప్‌టాప్ తీసి బాపు మంచం ముందు బల్ల మీద పెట్టాను. చెప్పేటప్పుడు బాపు చేతులు ఊరుకోవు, దుంగ ఎలా నిలబెడతారో, కర్రతో కప్పు మీద తట్టి చప్పుడు ఎలా వింటారో చేసి చూపిస్తాడు. అందుకే వీడియో తీయాలనుకున్నాను.

"ఏం చెప్పాలె బిడ్డా?" అన్నాడు.

"నీ ఇష్టం బాపూ. బాయి గురించి చెప్పు."

"బాయి గురించి ఏముంటది చెప్పుడు? దిగినం, ఎక్కినం."

అలా అన్న మనిషి ఇరవై రెండు రోజులు చెప్పాడు. ఆ గొంతుతోనే, మధ్యమధ్య నీళ్లు తాగుతూ చెప్పాడు. రోజూ పొద్దున్నే నేను రికార్డింగ్ నొక్కి వంటింట్లోకి పోయేదాన్ని. అన్నం, కూర, టిఫిన్ డబ్బాలు, స్నానం. ఎనిమిదింటికి బడికి బయల్దేరాలి. వచ్చి ఆపేసేదాన్ని. కూర్చుని విన్నది లేదు. అన్నీ దాంట్లో ఉన్నాయి కదా, ఎప్పుడైనా వినొచ్చు అనుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే కూడా పళ్లు కొరుక్కుంటున్నాను.

ఆపరేషన్ అయింది. బాపు మెడ మీద చిన్న రంధ్రంతో ఇంటికి వచ్చాడు. పెదవులు కదిలిస్తాడు, చప్పుడు రాదు. ఏమంటున్నాడో తెలియాలంటే ఎదురుగా కూర్చుని ఆ పెదవులనే చూడాలి. రాసి చూపిద్దామంటే సంతకం వరకే చదువు. పిలవాల్సి వస్తే కొట్టమని ఒక స్టీలు గ్లాసు, ఒక స్పూను మంచం పక్కన పెట్టాం.

దసరా వచ్చింది. బాపు ఏ దసరాకూ ఆయుధపూజ మానడు. బాయిలో ఉన్నప్పుడు మోటార్లకూ పనిముట్లకూ అందరూ కలిసి చేసేవారట. ఇక్కడ ట్రాక్టరు, బండి, గెలలు కోసే పొడుగాటి కొడవలి, నా మిక్సీ, తన పాత హెల్మెట్, చివరికి లాప్‌టాప్, అన్నిటికీ తడి పసుపు రాసి దాని మీద కుంకుమ దట్టంగా అద్దాడు. అంతకు రెండు రోజుల ముందే ఖమ్మంలో కొన్న హార్డ్ డిస్క్‌నూ వదల్లేదు. "కరెంటు సామాను బాపూ, దీనికి తడి పెడ్తరా?" అని కసిరి, బొటనవేలితో గట్టిగా తుడిచేశాను. బాపు నా వేలి వంకే చూశాడు. నేను అక్కణ్నుంచి వెళ్లిపోయాను.

ఆ ఆదివారం బాకప్ మొదలుపెట్టాను. పదకొండు శాతం దాకా పోయి ఆగింది. డిస్క్ కనబడటం లేదని తెర మీద రాసింది. కళ్ల ముందు, బల్ల మీద, నా మోచేతి పక్కన ఉన్నదాన్ని కనబడటం లేదంటే ఎవరికి మండదు? తీసి మళ్లీ పెట్టాను. కనబడింది. నాలుగు శాతానికి మళ్లీ మాయమైంది.

అక్కడి నుంచి నా యుద్ధం మొదలు. లాప్‌టాప్‌కు అటు వైపు పెట్టాను, ఇటు వైపు పెట్టాను. సత్తుపల్లి నుంచి కొత్త కేబుల్ తెప్పించాను. మధ్యలో నిద్రపోకుండా సెట్టింగులు మార్చాను. వైరస్‌ను ఆపేది కాసేపు ఆపాను. డిస్క్‌ను మొత్తం చెరిపి కొత్తగా ఫార్మాట్ చేశాను. కరెంటు వచ్చిపోతున్నందుకేమో అని ఇన్వర్టర్ మీద పెట్టాను. ఇంటర్నెట్‌లో వీడియోలు చూశాను. వాటిలో ప్రతివాడూ నవ్వుతూ, ముందుగా కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించండి అంటాడు. వాడు నా ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో చెప్పను. బాపు వీడియోలను ఆ ఇంటర్నెట్‌లోకే ఎక్కిద్దామంటే మా ఊళ్లో సిగ్నల్ ఒక గీత, వానొస్తే అదీ లేదు. పెన్ డ్రైవ్‌లో అవి నాలుగు కూడా పట్టలేదు.

ఈలోగా లాప్‌టాప్ తన సంగతి తాను చూసుకోవడం మొదలుపెట్టింది. ఫ్యాను పిండిమిల్లులా మోగేది. నడుస్తూ నడుస్తూ తెర నీలంగా మారి ఆరిపోయేది. మళ్లీ వెలిగేదాకా తెర ముందు నుంచి కదిలేదాన్ని కాదు. వెలగకపోతే ఇరవై రెండు రోజులూ పోయినట్టే. బాపు ఇంకోసారి చెప్పలేడు. ఆ గొంతుకు ఏ షాపులోనూ విడిభాగం దొరకదు.

సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. రెండున్నర గంటలు బస్సు. షాపతను డిస్క్‌ను తన కంప్యూటర్‌కు తగిలించి ఒక పాట ఎక్కించాడు. అర నిమిషంలో ఎక్కింది.

"చూసిన్రా మేడం, మంచిగనే ఉన్నది. మీ లాప్‌టాపే ముసల్దయింది."

"ఒక్క పాట కాదు, గంటలు గంటలు ఎక్కించి చూడుండ్రి."

"గంతసేపు మాకు కుదుర్తదా మేడం? గిరాకీ చూడాలె గదా."

నా వెనక నిజంగానే ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లను కూడా ఒక చూపు చూసి వచ్చేశాను.

ఇంటికొచ్చి పెట్టాను. తొమ్మిది శాతం. ఆగింది. నేను బల్ల మీద గుద్దాను. మా ఆయన తోట నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అలా గుద్దితే భయపడి ఎక్కించుకుంటుందా ఏంటి?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు."

"నేనేం మాట్లాడాను? కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నాను."

ఇదంతా జరుగుతున్నన్ని రోజులూ ఇంకొకటి జరుగుతూ వచ్చింది. నేను డిస్క్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మంచం మీద నుంచి బాపు గ్లాసు మీద కొట్టేవాడు. ఠంగుమని ఒక్కటి. ఏంది బాపూ అని తిరిగితే డిస్క్ వైపు చేయి చాపేవాడు, ఇటివ్వమన్నట్టు. నేను ఇవ్వలేదు. కేబుల్ పెట్టబోతే మళ్లీ ఠంగుమని ఒక్కటి. మంచినీళ్లకు కొట్టేటప్పుడు రెండు మూడు కొడతాడు. దీనికి ఎప్పుడూ ఒక్కటే. నా అరుపులు భరించలేక విసుగుతో కొడుతున్నాడనుకున్నాను. తన గొంతు కోసమే నేను ఇంత చస్తుంటే తనకే విసుగా అని రోషం వచ్చింది.

ఖమ్మం వెళ్లొచ్చిన ఆ సాయంత్రం, బల్ల గుద్దిన కాసేపటికి మళ్లీ కేబుల్ తీసుకున్నాను. ఠంగ్.

"ఏంది బాపూ నీ లొల్లి! నీ కోసమే గదా నేను గిట్ల పడి చస్తున్న! నీకు తెల్వదు, జర సప్పుడు చేయకుండ ఉండరాదు!"

బాపు ఇంకోసారి కొట్టాడు. ఒక్కటే.

నేను లేచి వెళ్లి ఆ గ్లాసూ స్పూనూ బాపు చేతిలోంచి లాక్కుని, వంటింట్లో పై అరలో పెట్టేశాను. మాట పోయిన మనిషికి మిగిలిన చప్పుడు అదొక్కటే. దాన్ని నేను తీసుకుపోయి గిన్నెల మధ్య పెట్టాను. ఆ పూట బాపు మంచినీళ్లు అడగలేదు. ఎలా అడుగుతాడు?

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి బాపు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు పాత పేపరు, పేపరు మీద నా హార్డ్ డిస్క్, చేతిలో సన్నగా చీల్చిన చీపురుపుల్ల. ముట్టొద్దని చెప్పానా లేదా అని అరవడానికి నోరు తెరిచాను. బాపు పేపరు వైపు వేలు చూపించాడు. తెల్లటి జాగా మీద చిటికెడు ఎర్రటి పొడి, దాంట్లో గట్టిపడిన పసుపు తునకలు.

కేబుల్ దూరే చిన్న సందులోంచి తీసిన కుంకుమ అది. బాపు కుంకుమ పెట్టింది డిస్క్ పైభాగాన, సందుకు పక్కగా. బొటనవేలితో దాన్ని సందులోకి కూరింది నేను. తుడిచేటప్పుడు బాపు చూస్తూనే ఉన్నాడు. నేను షాపుకూ సెట్టింగులకూ వైరస్‌కూ కరెంటుకూ శాపనార్థాలు పెడుతున్నంతసేపూ, ఇంట్లో ఒక మనిషికి సంగతి మొత్తం తెలుసు. చెప్పడానికి తనకు తోచిన దారిలో చెబుతూనే ఉన్నాడు. తప్పు నాదని తెలిస్తే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, తిరగడానికి వేరే చోటు లేక నా మీదికే తిరిగింది.

వంటింట్లోకి వెళ్లి గ్లాసూ స్పూనూ దించి, కడిగి, తెచ్చి మంచం పక్కన పెట్టాను. "తప్పయింది బాపూ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి విన్నవాళ్లు మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ లేరు. బాపు పోనీలే అన్నట్టు చేయి ఊపాడు.

కేబుల్ పెట్టాను. ఈసారి గ్లాసు మోగలేదు. పదకొండు దాటింది. ముప్ఫై దాటింది. అన్నాలు తినేసరికి మొత్తం ఎక్కింది.

పొద్దున్నే టిఫిన్లు సర్దేసి, ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూద్దామని డిస్క్‌లోంచి మధ్యలో ఒకటి నొక్కాను. బాపు తెర మీదికి వచ్చాడు. బొంగురు గొంతు. నెలల తర్వాత ఆ గొంతు ఇంట్లో వినబడగానే మంచం మీద బాపు లేచి కూర్చున్నాడు.

"తాడు గుంజితె పట్టాల మీద బొగ్గు టబ్బులు నడుస్తుంటయి," అంటున్నాడు తెర మీది బాపు. "అక్కడ ఉన్నోనికి ఇక్కడోని మాట ఇనవడదు. గంటనే మాట. ఒక్కటి కొడితె ఆగు. గంతే. ఎందుకు అని అడుగద్దు. ముందుగాల ఆగాలె, ఆగినంక అడగాలె. మా జతగాడు ఒకడుండె. గంట ఇన్నడు. ఇని గూడ ఆగలే. ఎవడు కొట్టిండని ఎనుకకు మర్రి చూసిండు. గప్పుడు ఏమయిందంటే..."

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, దాని వెంట ఒక ఆడగొంతు. గట్టిగా, విసుగ్గా. నాదే.

"బాపూ, అయిందా? నాకు టైమైతాంది!"

తెర మీది బాపు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగాడు. అటు వంటింటి వైపు చూశాడు.

"ఆఁ, అయిపాయె బిడ్డా," అన్నాడు.

నా చేయి వచ్చి ఆపేసింది. అంతే ఉంది. ఆ తర్వాతి రోజు ఫైలు తెరిచాను. వేరే సంగతితో మొదలైంది. దాని తర్వాతదీ అంతే. ప్రతి ఫైలు చివరా నా గొంతే ఉంది. అయిందా బాపూ. జల్ది బాపూ. చాల్తియ్యి బాపూ. పదకొండు శాతం దగ్గర ఆగిందని ఆ డబ్బాను రెండు వారాలు తిట్టినదాన్ని, ఇరవై రెండు రోజులు నేను చేసిందేమిటి? డబ్బా అయినా ఎక్కడ ఆగిందో చెప్పింది.

"గా జతగాడు ఏమయిండు బాపూ?" అన్నాను, లాప్‌టాప్ ముందు నుంచే, ఒక చేత్తో బడి సంచీ సర్దుకుంటూ. "బతికిండా? మర్రి చూసినంక ఏమయింది? చెప్పు."

బాపు స్పూను తీసుకుని గ్లాసు మీద కొట్టాడు.

ఒక్కటి.

ఎనిమిది కావస్తోంది. సంచీ కింద పెట్టి, కుర్చీ లాక్కుని బాపుకు ఎదురుగా, పెదవులు కనబడేంత దగ్గరగా కూర్చున్నాను.