కుచ్చిళ్ళలో కడియం

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పాస్టరమ్మగారి కూతురు రాస్తోంది. మధ్యలో కలం ఆపి, "ఇది వదిలేద్దాంలే పెద్దమ్మా" అంటోంది. వదలొద్దమ్మా, రాయి అన్నాను. నేను చేసిన దొంగతనం రాయకపోతే, తర్వాత నాకు జరిగిన మేలు ఎంతటిదో ఎవరికి తెలుస్తుంది?

మాది పిడుగురాళ్ల. మా ఆయన సున్నం బట్టీలో కూలి. నేను పసిపిల్లలకు నీళ్ళు పోసేదాన్ని. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి తల్లి చేతికిస్తే మధ్యాహ్నం దాకా కళ్ళు తెరవదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని. ఎవరింట్లో కాన్పయినా నాకే కబురొచ్చేది. రైతుల పిల్లలు, సాయిబుల పిల్లలు, మా పేట పిల్లలు, అందరూ ఈ కాళ్ళ మీద ఏడ్చి నవ్వినవాళ్ళే. నాది బొంగురు గొంతు. పాట రాదు. ఊరికే ఏదో ఒకటి గొణుగుతూ ఉంటాను, పిల్లలకు అదే చాలు.

మా ఆయన ఊపిరితిత్తుల్లో సున్నం చేరింది. గుంటూరు పెద్దాసుపత్రికి తిప్పుతున్న రోజులవి. ఒక పెద్ద రైతు ఇంట్లో మగబిడ్డకు నీళ్ళు పోస్తూ, వాడి బంగారు మొలతాడు తీసి బొడ్లో దోపుకున్నాను. ఆయన జబ్బు వల్ల అని అందరూ అంటారు. తీసింది జబ్బు కాదు, నా చెయ్యి. రెండో రోజే పట్టుకున్నారు.

జైలు గోదావరి దాటాక ఉంది. పాస్టరయ్యగారు, అమ్మగారు అప్పుడప్పుడూ అంత దూరం వచ్చేవాళ్ళు. ఖైదీలకు సబ్బులు, కొబ్బరినూనె తెచ్చేవాళ్ళు, ప్రార్థన చేసేవాళ్ళు. మా ఆయన పోయిన కబురు నాకు చెప్పింది ఆమే. కటకటాల సందులోంచి నా చెయ్యి పట్టుకుని చెప్పింది. మట్టి చేసింది కూడా వాళ్ళేనని ఇంకో ఆమె చెబితే తెలిసింది. ఆ మాట అమ్మగారి నోటి వెంట ఇప్పటికీ రాలేదు.

విడుదలయిన రోజు ఇద్దరూ గేటు బయట నిలబడి ఉన్నారు. ఆమె చేతిలో ఉతికిన చీర, ఆయన చేతిలో ఇడ్లీ పొట్లం. "ముందు తిను. మాటలు బస్సులో" అన్నాడాయన. వాళ్ళ పరిచర్య అదే. జైలు నుంచి వచ్చినవాళ్ళకు గేటు దగ్గర ఎదురుపడతారు. పోలీసు స్టేషన్లో సంతకానికి తోడు వెళతారు, రేషన్ కార్డులో పోయిన పేరు ఎక్కిస్తారు, పని వెతికిపెడతారు. కాలవ అవతల మా ఇంటి మీద రేకులు ఎగిరిపోయి ఉంటే అయ్యగారే నిచ్చెనెక్కి బిగించాడు. ఏం చేసి జైలుకు పోయావని ఒక్కనాడు కూడా అడగలేదు.

నేను చర్చి ఊడ్చేదాన్ని. కానీ నా పని అది కాదుగా. దండెం మీద పసిగుడ్డలు ఆరేసిన ఇల్లు కనపడితే కాళ్ళు ఆగేవి. నన్ను చూసి తలుపు దగ్గరికేసేవాళ్ళు. కుళాయి దగ్గర ఒకామె అందరి ముందూ అడిగింది.

"ఏమే, జైల్లో కూడా నీళ్ళు పోశావా?"

"పోశా. అక్కడా తల్లులుంటారు, పిల్లలుంటారు" అన్నాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను. కానీ ఆ రోజు అన్నం తినలేకపోయాను. ఈ కాళ్ళ మీద ఇంక ఎవరూ బిడ్డను పెట్టరు, నేను ఇట్లాగే పోతాను అనిపించింది.

క్షమాపణ అడుగుతానని అమ్మగారిని తీసుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ వరండా దిగలేదు.

"మొలతాడు పోలీసోళ్ళు ఇచ్చారులే. నువ్వు పోయినాక పిల్లోడు నీళ్ళంటే గుక్కపట్టి ఏడ్చాడు. ఎవరి కాళ్ళ మీదా పండుకోలా. నెల రోజులు. అదెట్టా తెచ్చిస్తావ్?"

తలుపేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు లారీల మధ్య రోడ్డు దాటేదాకా అమ్మగారు నా మణికట్టు వదల్లేదు.

ఆ తర్వాత ఇది రాస్తున్న పిల్ల పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. మనవరాలి కోసం నూజెండ్ల నుంచి ఆమె అత్తగారు కూడా దిగింది. రేపటి నుంచి నీళ్ళు నువ్వే పోయాలి అని అమ్మగారు నాతో అనడం ఆవిడ విన్నది.

"వదినగారూ, మీ మనసు మంచిది, కాదనను. మనుషుల్ని మార్చండి, ప్రార్థన చెయ్యండి, నేనూ ఆమేన్ అంటా. నా మనవరాలి మీదనా మీ పరిచర్య?"

"నాకూ మనవరాలేనండీ" అంది అమ్మగారు.

గదిలోంచి ఈ పిల్ల అరిచింది. "నాకు కూతురు! పెద్దమ్మా, నువ్వు పీట వేసుకో."

పీట వేసుకున్నాను. కానీ కూర్చోలేదు. "బిడ్డ ఒంటి మీదున్నవి తీసి లోపల పెట్టండమ్మా. రోజూ అట్టానే తియ్యాల. అప్పుడే పోస్తా" అన్నాను. నూజెండ్ల ఆవిడ బిడ్డ చేతుల వెండి కడియాలు రెండూ తీసి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నాకు కష్టం అనిపించలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అంతే.

కూర్చుని నూనె రాయడం మొదలుపెట్టాను. బిడ్డ నన్ను కాసేపు చూసి, నా ఒళ్ళంతా తడిపేసింది. నూజెండ్ల ఆవిడకు నవ్వాగలేదు. "ఇంకేందమ్మా, అది ఒప్పుకుంది. ముక్కు కాస్త గట్టిగా ఒత్తు, మావాడి ముక్కొచ్చింది దానికి!"

అట్లా మూడో నెల వచ్చింది. ఒకరోజు ఆవిడ కొడుకుతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఈ పిల్ల తలంటుకుంటోంది. బిడ్డను అమ్మగారు తెచ్చి నా కాళ్ళ మీద వేసి వెళ్ళింది. నా గొణుగుడు విని ఆ రోజు బిడ్డ మొదటిసారి పైకి నవ్వింది. కిలకిలమని నవ్వింది. నేనూ నవ్వాను. చాలా ఏళ్ళకు ఆ ఒక్క పూట నేను జైలుకెళ్ళిన మనిషినన్న సంగతి మర్చిపోయాను. కడియాలు తీయించడం కూడా మర్చిపోయాను.

ఇంటికొచ్చి తడిచీర విప్పుతుంటే కిందేదో టింగుమంది. చూస్తే వెండి కడియం. సబ్బుకు జారి, పైకి దోపుకున్న కుచ్చిళ్ళలో ఇరుక్కుంది. అప్పుడు మొలతాడు దోపుకున్న చోటే.

కడియం చేతిలోకి తీసుకున్నాను. కాలవలో పారేస్తే నేనే తీశానంటారు. తీసుకెళ్ళి ఇస్తే, భయపడి తెచ్చిందంటారు. ఎటు చూసినా దొంగను నేనే. ప్రార్థన చేద్దామని కళ్ళు మూశాను. "ప్రభువా, నువ్వు చూశావుగా" అన్నాను. అంతే.

ఆ తడిచీరే మళ్ళీ చుట్టుకున్నాను. కడియాన్ని బొడ్లో దోపలేదు, గుప్పిట్లో మూయలేదు. అరచేతిలో పెట్టుకుని, చెయ్యి ముందుకు చాపి, అందరికీ కనపడేటట్టు నడిచాను. కుళాయి దగ్గర అప్పుడు అడిగిన ఆమే మళ్ళీ అడిగింది, "ఏందే చేతిలో?" అని.

"కడియం. అమ్మగారి మనవరాలిది" అన్నాను. ఆగలేదు.

అమ్మగారింట్లో ముందు గదిలో ఎవరూ లేరు. దొడ్లో మాటలు వినపడుతున్నాయి. గోడ మలుపు దగ్గరే ఆగిపోయాను. స్నానం నీళ్ళు పోయే కాలవ పక్కన అమ్మగారు గొంతుక్కూర్చుని కొబ్బరిచిప్పతో బురద తోడుతోంది. ఈ పిల్ల బిడ్డను భుజాన వేసుకుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. నూజెండ్ల ఆవిడ చీర ఎగదోపుకుని, మోచేతుల దాకా బురదలో చేతులు పెట్టి దేవులాడుతోంది.

"తూము దగ్గర చూశారా వదినగారూ?"

"రెండుసార్లు చూశానండీ."

"మళ్ళీ చూడండి, యాడికి పోతది? దొరికిందాకా ఆమెకు మాత్రం చెప్పమాకండి. చానా బెంగ పెట్టుకుంటది."

ఆ మాట అన్నది నూజెండ్ల ఆవిడే.

ఆవిడ మనసులో ఒక్క క్షణమైనా నా మీద అనుమానం పుట్టిందేమో, నాకు తెలియదు. పుట్టినా తప్పు లేదు. కానీ మా ఇంటికి మనిషిని పంపలేదు. బురద తోడింది.

చెయ్యి చాపుకుని అట్లాగే ముందుకెళ్ళాను. "కుచ్చిళ్ళలో ఇరుక్కుందమ్మా. ఇంటికి పోయినాక చూశా" అన్నాను.

ఆవిడ కడియం వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"ఇరుక్కుంటే ఇరుక్కుంది గానీ, ఇంకాస్త ముందు రాగూడదా తల్లీ! నా నడుం పోయింది!"

అమ్మగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను వేన్నీళ్ళు తెచ్చి, నూజెండ్ల ఆవిడను పీట మీద కూర్చోబెట్టి, మోచేతుల దాకా బురద కడిగాను. పసిపిల్ల మాదిరి చేతులు చాపి కూర్చుంది.

మర్నాడు పీట వేసుకునేసరికి ఆవిడ మంచం మీద నుంచే బీరువా తాళంచెవి నా ముందుకు విసిరింది. "నువ్వే తీసి లోపల పెట్టు. నాకు నడుం వంగట్లా."

నిజంగానే వంగలేదో, కావాలనే అన్నదో నేను అడగలేదు. కడియాలు తీసి, బీరువాలో పెట్టి, తాళం వేసి వచ్చాను. ఈ పిల్ల ఇది రాస్తూ నవ్వుతోంది. పక్క వీధిలో మెకానిక్ సాయిబు కోడలికి నిన్న కాన్పయింది, నాకు కబురొచ్చింది. పొద్దున్నే వెళ్ళాలి.